దిల్‌సుఖ్‌నగర్ నుంచి గచ్చిబౌలి: కారు మైలేజీ లీటరుకు 11 దాటట్లేదు, నడపడంలో ఏం మార్చుకోవాలి?

దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి:

అందరికీ నమస్కారం. నాది 2019 మోడల్ 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు. 58 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్, ఆఫీసు గచ్చిబౌలి. మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి, నాంపల్లి, లక్డీకాపూల్, మాసాబ్ ట్యాంక్, మెహదీపట్నం, షేక్‌పేట ఫ్లైఓవర్ మీదుగా వెళ్తాను. పోను 24, రాను 24 కిలోమీటర్లు. పొద్దున 9 గంటలకు బయల్దేరితే గంటా పది నిమిషాలు, ఒక్కోరోజు గంటన్నర పడుతుంది.

కొన్నప్పుడు లీటరుకు 21 అని చెప్పారు. ఇప్పుడు స్క్రీన్ మీద 11.2 చూపిస్తోంది. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు అడిగితే "సిటీలో ఇంతే మేడమ్" అన్నారు. ఇంజన్ క్లీనర్ అని ఒక సీసా పోసి 900 రూపాయలు తీసుకున్నారు. ఏమీ మారలేదు. పెట్రోల్ 107 దాటింది కదా, నెలకు పది వేలకు పైనే అవుతోంది.

మెట్రోలో వెళ్లొచ్చు కదా అంటారేమో, దారిలో పాపను డేకేర్‌లో దించి సాయంత్రం తెచ్చుకోవాలి. కారు తప్పదు.

ఇంకో సంగతి. పోయిన వారం ఒకరోజు పాపకు సెలవు. తుక్కుగూడ దాకా వెళ్లి అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలిలో దిగాను. మొత్తం 52 కిలోమీటర్లు. 80 దాటకుండా నడిపితే స్క్రీన్ మీద 17.8 వచ్చింది! సెలవు రోజుల్లో అయినా ఔటర్ మీద వెళ్లడం మంచిదంటారా? మామూలు దారిలోనే మైలేజీ పెరగాలంటే నేను నడిపే తీరులో ఏం మార్చుకోవాలి?

కూకట్‌పల్లి కుర్రాడు:

అక్కా, ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేసెయ్. షేక్‌పేట ఫ్లైఓవర్ పొడవుగా ఉంటుంది కదా, చివర్లో బండి దానంతట అదే జారిపోతుంది. మా నాన్న మొదటి నుంచీ అలాగే నడుపుతారు. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మైలేజీ పడిపోవడానికి అసలు కారణం అదే అనుకుంటా.

రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్:

అమ్మా, నేను 29 ఏళ్లు ఆర్టీసీలో బస్సు నడిపి రిటైర్ అయ్యాను. ఎక్కువ భాగం సిటీ డ్యూటీలే. మీరు చెప్పిన దారిలో మెహదీపట్నం దాకా ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ బండి జారుతుందో నా కాళ్లకు తెలుసు.

మైలేజీ అన్న మాట మా డిపోలో వినపడేది కాదు. కేఎంపీఎల్ అంటాం, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని. నెలనెలా ఒక్కో డ్రైవరుకు ఎంత వచ్చిందో బోర్డు మీద పెట్టేవారు. అదే బస్సు, అదే రూటు, అవే స్టాపులు. ఒకరికి 4.3 వస్తే ఇంకొకరికి 5.1 వచ్చేది. తేడా అంతా కాలులోనే ఉంది. అందుకని "సిటీలో ఇంతే" అన్న మాట నేను ఒప్పుకోను.

1996లో నా కేఎంపీఎల్ వరసగా మూడు నెలలు పడిపోయింది. డిపోలో సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన ఉండేవారు. వాళ్లను ఎస్‌డీఐ అంటాం. ఒకరోజు కోఠిలో నా బస్సెక్కి, నా పక్కన ఇంజన్ బానెట్ దగ్గర కూర్చున్నారు. జేబులోంచి గుప్పెడు చింతగింజలు తీశారు, ఒక ఖాళీ రేకు డబ్బా ముందు పెట్టుకున్నారు. నేను బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఒక గింజ డబ్బాలో వేస్తున్నారు. టక్. మళ్లీ టక్. నోరు విప్పి ఒక్క మాట అనలేదు. మెహదీపట్నంలో దిగాక డబ్బా ఒంపి లెక్కపెట్టించారు. 94 గింజలు.

"స్టాపులూ సిగ్నళ్లూ కలిపి నువ్వు నిజంగా ఆగాల్సింది 30 చోట్ల. మిగతా 64 సార్లు ఎందుకు తొక్కావు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయిల్, అంటే డీజిల్ కాల్చి బండికి ఊపు తెస్తాం. బ్రేకు తొక్కగానే ఆ ఊపంతా బ్రేకు లైనర్ల దగ్గర వేడిగా పోతుంది. మళ్లీ ఆయిల్ కాల్చి మళ్లీ ఊపు తెచ్చుకోవాలి. తిరుగు ట్రిప్పులో ఆ టక్ అనే చప్పుడుకు భయపడుతూ నడిపాను. 58 గింజలు. టైము తేడా రెండు నిమిషాలు కూడా రాలేదు.

మీ కారుకైనా విషయం అదే. బ్రేకు తొక్కొద్దని కాదు, ప్రాణం మీదికి వస్తే రెండు కాళ్లతో తొక్కండి. తొక్కాల్సిన అవసరం రాకుండా ముందే యాక్సిలరేటర్ వదిలేయడం నేర్చుకోవాలి. దానికి చూపు దూరంగా ఉండాలి. చాలామంది ముందు బండి బంపర్ చూస్తూ నడుపుతారు. మీరు దాని ముందున్న బండిని, దానికీ ముందున్న బండిని చూడండి. చాదర్‌ఘాట్ దగ్గర ఫుట్‌పాత్ మీద ఎవరైనా చెయ్యెత్తారంటే మీ ముందున్న ఆటో ఆగబోతోందని అర్థం. ఆటో అతను తల పక్కకు వంచి ఎడమవైపు చూస్తున్నాడంటే వాడు ప్యాసింజర్ కోసం వెతుకుతున్నాడు, ఏ క్షణమైనా ఆపేస్తాడు. బస్సులో జనం మెట్ల మీదికి వస్తున్నారంటే స్టాపు దగ్గరపడింది. ఇవన్నీ బ్రేక్ లైటు కంటే రెండు మూడు సెకన్ల ముందే కనపడతాయి. ఆ రెండు మూడు సెకన్లలోనే మీ పెట్రోల్ మిగులుతుంది.

సిగ్నల్ దూరంనుంచే ఎర్రగా కనపడి టైమర్ మీద 25 ఉందనుకోండి, అక్కడికి పరుగెత్తి ఆగి ఏం లాభం? అక్కడే కాలు తీసేయండి. మీరు దొర్లుకుంటూ చేరేసరికి పచ్చ పడితే సెకండ్ గేరులోనే సాగిపోవచ్చు. పూర్తిగా ఆగిన బండిని కదిలించడానికి అయ్యేంత ఖర్చు ఇంకెక్కడా ఉండదు.

ఆగాల్సి వస్తే, టైమర్ మీద 30 కంటే ఎక్కువ ఉంటే ఇంజన్ ఆపండి. స్టార్ట్ చేస్తే ఎక్కువ తాగుతుందనేది కార్బ్యురేటర్ బండ్ల కాలం నాటి మాట. ఇప్పటి ఇంజన్లకు పది సెకన్లకు మించి నిలబడితే ఆపడమే లాభం. మీ సైజు ఇంజన్ ఊరికే నిలబడి గంటకు ముప్పావు లీటరు దాకా తాగుతుంది, ఏసీ ఉంటే ఇంకాస్త. మీరు రోజుకు అన్ని సిగ్నళ్ల దగ్గరా కలిపి 40 నిమిషాలు నిలబడినా దగ్గర దగ్గర అర లీటరు. బ్యాటరీ పాతదైతే మాత్రం ముందు చెక్ చేయించండి, నడిరోడ్డు మీద స్టార్ట్ కాకపోతే టెన్షన్.

గేర్లు త్వరగా మార్చండి. పెట్రోల్ బండి కాబట్టి మామూలు రోడ్డు మీద 2000 ఆర్‌పీఎం దగ్గర పై గేరుకు వెళ్లిపోవచ్చు. ఇంజన్ గుడగుడమంటుంటే మాత్రం కింది గేరుకు రావాలి, బలవంతంగా లాగించకూడదు. మాసాబ్ ట్యాంక్ దగ్గర అంగుళం అంగుళం కదిలేటప్పుడు క్లచ్ మీద కాలు ఆనించి ఉంచుతున్నారేమో చూసుకోండి. సగం క్లచ్‌తో పాకించడం కంటే, ముందు ఒక బండి పట్టేంత జాగా వచ్చేదాకా ఆగి ఫస్ట్ గేరులో క్లచ్ పూర్తిగా వదిలి పోనివ్వడం మేలు.

కూకట్‌పల్లి బాబూ, నీ న్యూట్రల్ సంగతి. మీ నాన్నగారు నేర్చుకున్న రోజుల్లో అది కొంత నిజం. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో గేరు ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే ఇంజన్‌కు పెట్రోల్ ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజన్ తనంతట తాను తిరగాలి, అందుకు పెట్రోల్ కావాలి. అమ్మా, మీ కారులో అప్పటికప్పుడు మైలేజీ చూపించే స్క్రీన్ ఉంటే ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఒకసారి పక్కన కూర్చున్నవాళ్లను చూడమనండి. గేరులో కాలు తీస్తే అంకె చివరికంటా పోతుంది. స్పీడు బాగా తగ్గి ఆర్‌పీఎం వెయ్యి దగ్గరికి వచ్చాక మళ్లీ పెట్రోల్ మొదలవుతుంది, అప్పుడు క్లచ్ తొక్కాలి. పైగా గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకు మీద భారం తగ్గుతుంది. ఇంకా దారుణం ఏమిటంటే కొందరు దిగేటప్పుడు ఇంజనే ఆపేస్తారు. స్టీరింగ్ బిగుసుకుపోతుంది, రెండు మూడు తొక్కుల తర్వాత బ్రేకు రాయిలా అవుతుంది. దయచేసి ఎవ్వరూ ఆ పని చేయొద్దు.

ఇథనాల్ వల్ల కొంత తగ్గుతుంది, నిజమే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదానికంటే మూడో వంతు తక్కువ. కాబట్టి 10 శాతం నుంచి 20 శాతానికి మారితే తగ్గేది మూడు నాలుగు శాతం. 21 కాస్తా 11 అవడానికి అది చాలదు. ఆ 21 కూడా లోపల రోలర్ల మీద, ఏసీ లేకుండా, ఒక లెక్క ప్రకారం నడిపి తీసిన అంకె. దాన్ని మలక్‌పేట రోడ్డుతో పోల్చుకుని బాధపడకండి.

ఔటర్ విషయంలో లెక్క మీరే వేయండి. సిటీలో 24 కిలోమీటర్లు, 11 వంతున అయితే 2.2 లీటర్లు. ఔటర్‌లో 52 కిలోమీటర్లు, 17.8 వంతున అయితే 2.9 లీటర్లు. పైన టోల్. స్క్రీన్ మీద అంకె పెరిగింది, జేబులోంచి కూడా ఎక్కువే పోయింది. టైము కలిసొస్తే వెళ్లండి, పెట్రోల్ కోసమైతే వద్దు. వెళ్లిన రోజు మాత్రం మీరు చేసినట్టే 80 దాటకండి. అక్కడ 120 దాకా పోనిస్తారు కానీ, స్పీడు పెరిగేకొద్దీ గాలి అడ్డం దానికి వర్గం లెక్కన పెరుగుతుంది. 80 నుంచి 120కి వెళ్తే గాలిని తోసే బలం రెండింతలకు పైగా కావాలి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు రెండు పనులు చేయండి. రేపు పొద్దున్నే, బండి తీయకముందు టైర్లలో గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. రెండోది, స్క్రీన్‌ను నమ్మకండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ తనంతట తాను ఆగేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించి మీటర్ రాసుకోండి. మళ్లీ కొట్టించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. మా డిపోలో కూడా అంతే, పోసిన ఆయిల్, తిరిగిన దూరం.

దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి:

అంకుల్, ఇంత ఓపికగా రాసినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మా ఆయన దగ్గర గాలి కొట్టే చిన్న పంపు ఉంది, దానికి మీటర్ కూడా ఉంది. స్టిక్కర్ మీద 33 అని ఉంది. ముందు రెండూ 29, వెనక కుడి 28, వెనక ఎడమ 24! బంకులో ప్రతి నెలా చూపిస్తూనే ఉన్నాను, ఎలా తగ్గిందో అర్థం కావట్లేదు.

ఫుల్ ట్యాంక్ లెక్క కూడా వేశాను. 275 కిలోమీటర్లకు 26.4 లీటర్లు, అంటే 10.4. స్క్రీన్ చెప్పేది నిజమే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ.

ఒక సందేహం. మీరు చెప్పినట్టు ముందు గ్యాప్ వదిలి నడిపితే వెంటనే బైకులు దూరిపోతున్నాయి, వెనకవాళ్లు హారన్. లక్డీకాపూల్ దగ్గర నిన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. దీనికేం చేయాలి? ఏసీ కూడా అడగాలి. ఏప్రిల్ ఎండలో పాప వెనక కూర్చుంటుంది, ఆపేయలేను.

బోయిన్‌పల్లి ఏసీ మెకానిక్:

మేడమ్, పాప ఉన్నప్పుడు ఏసీ ఆపొద్దు. ఎండలో నిలబెట్టిన కారులోకి ఎక్కగానే ఫుల్ మీద పెట్టకండి. నాలుగు అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు నడపండి, లోపలి వేడి గాలి బయటికి పోతుంది. తర్వాత అద్దాలు ఎత్తి ఏసీ వేసి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. చల్లబడిన గాలినే మళ్లీ చల్లబరచడం కంప్రెసర్‌కు తేలిక. ముందు గ్రిల్ వెనక కండెన్సర్‌లో దుమ్ము, ఎండుటాకులు ఇరుక్కుంటాయి, ఎండాకాలం మొదట్లో ఒకసారి మెల్లగా నీళ్లతో కడిగించండి. జోరుగా కొట్టిస్తే రెక్కలు వంగిపోతాయి. ఔటర్ మీద 80లో పోయేటప్పుడు అద్దాలు దించి ఏసీ ఆపితే పెద్దగా ఆదా అవుతుందనుకోకండి, గాలి లోపలికి కొట్టి బండిని కొంత వెనక్కి లాగుతుంది.

రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్:

ఏసీ గురించి ఆయన చెప్పింది సరిగ్గా ఉంది. ఇప్పుడు గాలి సంగతి. మీరు బంకుకు బండి నడుపుకుంటూ వెళ్తారు. టైరు వేడెక్కి ఉంటుంది, మీటర్‌లో రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అతను సరిపోయిందని వదిలేస్తాడు. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఇంట్లో చూడమన్నాను. 33కి నింపండి. 24తో నడిస్తే పెట్రోల్ సరే, టైరు అంచులు అరిగి ఏదో ఒకరోజు ప్రమాదం తెస్తుంది. డిక్కీలో ఏమేం ఉన్నాయో కూడా చూడండి, అక్కర్లేని బరువు మోయొద్దు.

బైకులు దూరడం గురించి. అమ్మా, దూరనివ్వండి. నేను పెద్ద బస్సుతో కూడా దూరనిచ్చాను. ఒక బైకు ముందుకొస్తే మీకు పోయేది మూడు సెకన్లు. మెహదీపట్నం చేరేలోపు ఇరవై దూరినా ఒక్క నిమిషం. ఆ నిమిషాన్ని కాపాడుకోవాలని ముందు బండికి అతుక్కుపోతే ప్రతి కదలికకూ బ్రేకు, ప్రతి బ్రేకుకూ మళ్లీ యాక్సిలరేటర్. వెనక హారన్ కొట్టేవాడు మీ పెట్రోల్ డబ్బులు కట్టడు. ఎడమ లైన్‌లో బస్సుల వెనక కాకుండా మధ్య లైన్ పట్టుకోండి, కుడివైపు తోసుకొచ్చేవాళ్లకు అడ్డం లేకుండా ఉంటుంది. మొదటి వారం మనసుకు కష్టంగానే ఉంటుంది. మెహదీపట్నంలో 64 సార్లు ఎందుకు తొక్కావని అడిగించుకున్నప్పుడు నాకూ ఏడుపొచ్చింది, 33 ఏళ్ల మనిషిని అప్పుడు.

పాపకు చింతగింజలు ఇచ్చి లెక్కపెట్టించండి. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు బ్రేకు పడ్డట్టు బాగా తెలుస్తుంది. ఒక్క మాట, మరీ చిన్నపిల్ల అయితే గింజలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మూడు ట్యాంకులు పూర్తయ్యేదాకా ఆగుదామనుకున్నాను.

పాపకు నాలుగేళ్లే, అందుకని గింజలు ఇవ్వలేదు. మాతో రెండు రోజులు మా అత్తగారు కూర్చున్నారు, ఆవిడ జపమాల పట్టుకుని పూసలతో లెక్కపెట్టారు. మొదటి రోజు ఇంటి నుంచి డేకేర్ దాటి ఆఫీసు దాకా 131. నేను నమ్మలేదు, మళ్లీ లెక్కపెట్టమన్నాను. మరుసటి రోజు జాగ్రత్తగా నడిపితే 97. పోయిన శుక్రవారం మా ఆయన ఉన్నప్పుడు 74.

ట్యాంకులు ఇలా ఉన్నాయి. మొదటిది 11.5, అది దాదాపు టైర్లలో గాలి వల్లే అనుకుంటున్నా. రెండోది 12.1. మూడోది 341 కిలోమీటర్లకు 27.1 లీటర్లు, అంటే 12.6. నెలకు 22 రోజులు వేసుకుంటే 17, 18 లీటర్లు మిగులుతున్నాయి. 1900 రూపాయలు. ఇంటికి చేరే టైములో తేడా లేదు, ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ. షేక్‌పేట ఫ్లైఓవర్ దిగేటప్పుడు గేరులో కాలు తీస్తే మా ఆయన పక్కనుంచి "99, 99" అని అరుస్తున్నారు. న్యూట్రల్ వేసి చూస్తే అరవైల్లోనే ఉంది.

డిక్కీలో పాత టైల్స్ అట్టపెట్టె ఒకటి, రెండు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు దొరికాయి. తీసేశాను.

అన్నిటికంటే నాకు సంతోషం కలిగించింది ఒకటుంది అంకుల్. ఇదివరకు పాప డేకేర్ చేరేలోపు వారానికి రెండు సార్లయినా వాంతి చేసుకునేది. మూడు వారాలుగా ఒక్కసారి కూడా లేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం అనుకుంటూ వచ్చాం అప్పటిదాకా. నా బ్రేకుల వల్లే అని నాకెప్పుడూ తట్టలేదు.

ఒక్కటే మిగిలింది. వెనక ఎడమ టైరు పది రోజుల్లో 33 నుంచి 29కి వస్తోంది. మిగతా మూడూ బాగానే ఉన్నాయి.

రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్:

పాప సంగతి చదివి మా ఆవిడకు కూడా చదివి వినిపించానమ్మా. స్టాండింగ్‌లో ముసలివాళ్లు ఉన్నప్పుడు మా ఎస్‌డీఐ ఇదే చెప్పేవారు, వాళ్లు పట్టుకున్న కడ్డీ వంక చూసి బ్రేకు తొక్కమని.

ఆ టైరులో మేకు ఉండొచ్చు. ట్యూబ్‌లెస్ కాబట్టి మెల్లగా దిగుతుంది. పంక్చర్ షాపులో చక్రం విప్పించి నీళ్ల తొట్టిలో ముంచమనండి, పైన సబ్బు నీళ్లు చల్లి చూసి వదిలేస్తే ఒప్పుకోకండి. మేకు కనపడకపోతే వాల్వ్ మార్పించండి, ఆరేళ్ల బండి కాబట్టి రబ్బరు ఎండిపోయి ఉంటుంది. అక్కడా లేకపోతే రిమ్ అంచు చూడమనండి, గుంతల్లో పడి వంగి ఉండొచ్చు. ఏం తేలిందో రాయండి.